ఆపిన డ్రైవర్ని తిట్టకండి

సభకు నమస్కారం అండి. వేదిక మీదున్న సర్పంచ్ గారికి, గ్రంథాలయం కమిటీ పెద్దలకి, ఇంత ఎండలో వచ్చి కూర్చున్న అమ్మలకి, అక్కలకి, వెనకాల గోడెక్కి కూర్చున్న కుర్రాళ్ళకి, మైకు పెట్టిన తమ్ముడికి, అందరికీ నమస్కారం. ఇంకా పేర్లు చదవమని చీటీ ఇచ్చారు గానీ అవన్నీ చదివితే నాకిచ్చిన పావుగంట దానికే అయిపోతుంది. పెద్దలు మన్నించాలి.

వార్షికోత్సవం కదా, రోడ్డు భద్రత మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. హెల్మెట్టు, సీటు బెల్టు, తాగి నడపడం గురించి పోలీసు వారు చెప్తూనే ఉన్నారు. నేను ఇవాళ మంట గురించి, పొగ గురించి చెప్తాను. ఉగాది దాటగానే మన ఊళ్ళ కార్లు మారేడుమిల్లి వైపు కడతాయి, అడవి ఆకు రాల్చి ఎండిపోయి ఉండేది కూడా సరిగ్గా అప్పుడే. ఫిబ్రవరి నుంచి మే దాకా, తొలకరి పడే వరకు, అక్కడ ఎక్కడో ఒకచోట అంటుకుంటూనే ఉంటుంది.

మనం నీళ్ళ మధ్య పుట్టినవాళ్ళం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మన చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఎప్పుడు సామాను అటకెక్కించాలో, ఎప్పుడు ఏటిగట్టు మీదకి రావాలో ఎవరూ మనకి నేర్పక్కర్లేదు. మంట విషయంలో మాత్రం అలా కాదు. మంటంటే మనకి భయం తక్కువ, చూద్దామన్న సరదా ఎక్కువ. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుంది కదా, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండు నెలలకి పైగా మండింది. ఊళ్ళు ఖాళీ చేయించారు ఒకపక్క, ఇంకోపక్క జనం చూడ్డానికి బయల్దేరారు. తర్వాత 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు లైను పేలి నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు, ఇది మన కళ్ళ ముందే జరిగింది. అయినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు చేతిలో ఫోనుంది కాబట్టి ఇంకా పెరిగింది. మంట కనబడితే బండి ఆపి వీడియో తీస్తున్నారు. దయచేసి తీయకండి బాబూ. ఆ రెండు నిమిషాలే వెనక్కి రావడానికి మీకున్న టైము.

నేను రాజమండ్రి నుంచి భద్రాచలం రూటులో చాలా ఏళ్ళు బస్సు తోలాను. గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, అక్కడి నుంచి ఘాట్ దిగితే చింతూరు. ఒక ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం వేళ ఘాట్‌లో ఉన్నాం, బస్సులో సగం మంది పెళ్ళివారే. ముందు వాసనొచ్చింది. తర్వాత వెదురు కణుపులు పేలుతున్న చప్పుడు, టపాకాయల్లా ఒకటే టపటపమని. వైపర్ దగ్గర అద్దం మీద బూడిద రేకులొచ్చి వాలుతున్నాయి, వేలితో తాకితే పొడైపోయేంత పలచగా ఉన్నాయి. మలుపు తిరిగేసరికి రోడ్డు కనబడలేదు. కింద లోయలోంచి పొగ పైకొచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది.

నేను ఆపేశాను. పెళ్ళిపెద్దగారు లేచి, "ముహూర్తం దాటిపోతోందయ్యా, హారన్ కొట్టుకుంటూ పోనీ, రెండు నిమిషాల్లో దాటేస్తాం" అన్నారు. ఆయన వెనకాల ఇంకో నలుగురు. ఒకాయన నా సీటు దాకా వచ్చి, ఇంత పిరికివాడికి ఘాట్ డ్యూటీ ఎవడిచ్చాడు అన్నాడు. కండక్టరు దిగి విజిల్ వేస్తుంటే బస్సుని రివర్స్‌లో వెనక మలుపు దాకా తెచ్చాను. అక్కడ కొండ వైపు ఉత్త రాయే, గడ్డి లేదు. మా పక్క నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పొగలోకి వెళ్ళింది. "చూశావా, వాడెళ్ళాడు" అని మళ్ళీ గొడవ. కాసేపటికి ఆ లారీ డ్రైవరూ క్లీనరూ దగ్గుకుంటూ నడిచొచ్చారు, మాట రావట్లేదు వాళ్ళకి. ముందు కాలిన చెట్టొకటి అడ్డం పడిందట, వెనక్కి రావడానికి రోడ్డు అంచు ఎక్కడుందో తెలియక లారీ అక్కడే వదిలేసి, చేత్తో కొండ తడుముకుంటూ వచ్చారు. అప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. అటవీ శాఖ వాళ్ళొచ్చి చెట్టు కోసి దారిచ్చేసరికి సాయంత్రమైంది. పెళ్ళి తర్వాతి ముహూర్తానికి జరిగింది, పిల్లా పిల్లాడూ బాగున్నారు.

నన్ను మాత్రం సంజాయిషీ అడిగారు. ట్రిప్పు ఇన్ని గంటలు ఎందుకు లేటు చేశావు, ఎవరినడిగి ఆపావు అని. అంతమంది ప్రాణాలతో తిరిగొచ్చారు కదా అని ఒక్కరూ అనలేదు. ఈ మాట నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో, మళ్ళీ చెప్తున్నాను, ఎక్కడ మైకు దొరికినా చెప్తాను. వేగంగా వెళ్ళినవాడిని మనం మొనగాడంటాం, ఆపినవాడిని అసమర్థుడంటాం. మీరు ట్రావెల్స్ బండి మాట్లాడుకుని వెళ్తారు. ఆ డ్రైవరు కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. "రూము బుక్ చేశాం, డబ్బులు పోతాయి, పోనీ బాబూ" అని మీరు వెనక సీట్లోంచి ఒక్క మాటంటే చాలు, వాడు పోనిచ్చేస్తాడు. ఆ మాట అనకండి. అతను ఆపితే దిగి దండం పెట్టండి, అంతేగానీ తిట్టకండి.

నేను ఊరికే భయపెట్టడం లేదు. 2017 జూన్‌లో పోర్చుగల్ దేశంలో అడవి అంటుకున్నప్పుడు 66 మంది పోతే, అందులో 47 మంది ఒకే రోడ్డు మీద పోయారు. తప్పించుకుందామని కార్లెక్కి, పొగలో దారి తెలియక మంటలోకే వెళ్ళిపోయారు. మన పిల్లలు ఉద్యోగాలు చేసే కాలిఫోర్నియాలో 2018లో ప్యారడైజ్ అనే ఊరు ఊరంతా కాలింది, 85 మంది చనిపోయారు. అందరూ ఒకేసారి బయల్దేరేసరికి రోడ్లు జామైపోయాయి. అందుకని అక్కడున్న పిల్లలకి చెప్పండి, ఖాళీ చేయమన్న మెసేజ్ రాగానే బయల్దేరమని, పక్కింటివాళ్ళు కదిలేదాకా చూడొద్దని.

అంత దూరం ఎందుకు, మన పక్కన తమిళనాడులో, తేని జిల్లా కురంగణి కొండల్లో, 2018 మార్చిలో ట్రెక్కింగ్‌కి వెళ్ళి కొండ దిగుతున్న పిల్లలు ఎండుగడ్డి మంటలో చిక్కుకున్నారు. 20 మందికి పైగా పోయారు. కుర్రాళ్ళూ, ఇది మీరు వినాలి. మంట కొండ ఎక్కడంలో మనిషికన్నా జోరు. కింద మండుతుంటే ఆ వేడి పైకెళ్ళి పైనున్న ఆకునీ గడ్డినీ ముందే ఎండబెట్టేస్తుంది, మంట వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంటుంది. అందుకని మంట చూసి పైకి పరిగెత్తకూడదు. పక్కకి, కిందకి, రాయి ఉన్న చోటికి, వాగులోకి, లేకపోతే అప్పటికే కాలి నల్లబడి చల్లారిన నేల మీదకి పోవాలి. కాలిన చోట మళ్ళీ కాలడానికి ఏమీ మిగలదు.

బండి సంగతి. రంపచోడవరం దాటకముందే ఆయిల్ నిండుగా కొట్టించుకోండి. చెక్‌పోస్టులో అటవీ సిబ్బందిని ఒక్క మాటడగండి, ముందు ఎక్కడైనా మండుతోందా అని. లోపల చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, కాబట్టి ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. పలచని పొగైతే అద్దాలు ఎత్తేసి, ఏసీలో బయటి గాలి రాకుండా ఆ గుండ్రంగా తిరిగే బాణం గుర్తు నొక్కి, లైట్లు డిమ్ములో పెట్టి మెల్లగా వెళ్ళండి. బ్రైటు వేస్తే ఆ వెలుగు పొగకి తగిలి మీ కళ్ళలోకే కొడుతుంది. రోడ్డు అంచు కనబడకపోతే మాత్రం ముందుకి వద్దు, వెనక్కే.

వెనక్కి కూడా దారి లేదనుకోండి. గడ్డీ చెట్లూ లేని ఖాళీ జాగాలో బండి పక్కకి ఆపి, లైట్లూ ఇండికేటర్లూ వెలిగించి, అద్దాలూ గాలి వచ్చే సందులూ అన్నీ మూసి, లోపలే కిందకి వంగి, అద్దం కన్నా కిందుగా పడుకోవాలి. దిగి పరిగెత్తడం కన్నా అదే నయం. మీద కప్పుకోవడానికి గొంగళి ఉంటే మంచిది. ఉన్ని తొందరగా అంటుకోదు. పాలియెస్టర్ చీరలూ నైలాన్ టీషర్టులూ వేడికి కరిగి ఒంటికి అతుక్కుపోతాయి, అందుకని అడవికి నూలుబట్టలే కట్టుకోండి అమ్మా. తడిగుడ్డ ముక్కుకి కట్టుకుంటే చాలనుకుంటారు. పొగలో ఉండే సన్నటి నుసిని అది ఆపలేదు, ఎన్95 మాస్కు కావాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళని, కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని ఆ రోజుల్లో తీసుకెళ్ళకండి.

మంట ఆరిపోయాక వెళ్తే పర్లేదా అని అడుగుతారు. కాలిన చెట్టు నిలబడే ఉంటుంది, మొదలు లోపల కాలిపోయి ఉంటుంది, గాలొస్తే ఎప్పుడైనా రోడ్డు మీద పడుతుంది. తర్వాత మొదటి వానకి రాళ్ళు జారతాయి. అలాంటి చోట చెట్టు కింద బండి పెట్టి అన్నం తినకండి.

ఇంకో మాట, ఎవరూ ఏమీ అనుకోవద్దు. అడవి దానంతటది అంటుకోవడం మన దేశంలో చాలా అరుదు, దాదాపు ప్రతిసారీ మనిషి చెయ్యే ఉంటుంది. కొండ మీదవాళ్ళు పోడు కాలుస్తారు, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు అని వాళ్ళ మీదకే నెట్టేస్తాం. మరి బొంగు చికెన్ కాల్చి, నిప్పుల మీద నీళ్ళు పొయ్యకుండా లేచి వచ్చేసేవాళ్ళెవరు? కారులోంచి సిగరెట్టు విసిరేది ఎవరు? వాళ్ళు ఆ అడవిలోనే బతకాలి. మనం రెండ్రోజులుండి వచ్చేస్తాం.

ఆ మాటకొస్తే అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు, మన కాలవగట్టు రోడ్డే చూడండి. దాళ్వా కోతలవగానే మిషన్ వదిలేసిన గడ్డికి నిప్పు పెడతాం, సాయంత్రం గాలి తిరిగేసరికి ఆ పొగ గట్టు మీదకి ఎక్కుతుంది. ఒకపక్క కాలవ, ఒకపక్క పొలం, మధ్యలో ఇంత రోడ్డు, దాని మీద ట్యూషన్ నుంచి సైకిళ్ళ మీద వచ్చే పిల్లలు. ఎదురుగా కొబ్బరికాయల లోడు లారీ. డ్రైవరుకి పిల్లాడు కనబడడు, పిల్లాడికి కాలవ కనబడదు. మీలో ఎంతమంది ఆ పొగలో బండి నడిపారో చేతులెత్తండి. చూశారా, ఇన్ని చేతులు.

టైమైపోయిందని చీటీ పంపారు, చూశాను, ముగిస్తున్నాను. గట్టు రోడ్డు పక్కన పొలాలున్న రైతులు మీటింగ్ అయ్యాక వెళ్ళిపోకండి, ఒక పది నిమిషాలు ఆగండి. గడ్డి మోపులు కట్టే మిషన్ ఉన్నాయన ఇక్కడికే వచ్చారు, మూడో వరసలో కూర్చున్నారు. ఎకరానికి ఎంత తీసుకుంటారో, ఎవరి చేలోకి ఏ రోజు వస్తారో ఇవాళే మాట్లాడేసుకుందాం. గడ్డి పాడి ఉన్నవాళ్ళు కొనుక్కుంటామంటున్నారు. కోతలు ఇంకా మొదలవ్వలేదు కాబట్టి ఇప్పుడైతేనే కుదురుతుంది.