పగరి, పదసదస: కోర్టుకెక్కిన ఒక పాట కథ

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ పూట కాపీ గురించి మాట్లాడుకుందాం. పరీక్ష హాల్లో కాపీ సంగతి కాదు లెండి, పాటలో కాపీ, బొమ్మలో కాపీ. కొత్త సినిమా పాట ఇలా విడుదలైందో లేదో, ఎవరో ఒకరు దాని పక్కన ఏదో పాత పాట పెట్టి, రెండింటినీ కలిపి చిన్న ముక్క చేసి, "ఇదిగో, దొంగ దొరికాడు" అని ఫోన్లలో తిప్పేస్తారు. మనమూ విని, అవునవునని తలూపి, ఇంకో పదిమందికి పంపుతాం. దొరికినవాడు నిజంగా దొంగేనా అని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

నాకిచ్చిన సమయం తక్కువ. అందుకని చట్టాల చరిత్ర జోలికి పోను. ఒక్క కేసు చెప్తాను. దాన్ని మాత్రం తీరిగ్గా చెప్తాను, ఎందుకంటే అది నాకు చాలా ఇష్టమైన కేసు.

బీటిల్స్ అనే ఇంగ్లండ్ బృందం పేరు వినే ఉంటారు. ఆ నలుగురిలో జార్జ్ హారిసన్ ఒకడు. మన రవిశంకర్ గారి దగ్గర సితార్ నేర్చుకున్నవాడు. 1969 డిసెంబరులో ఆయన వేరే బృందంతో కలిసి కచేరీలకని డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ వెళ్లాడు. అక్కడ ఒకరోజు విలేకరుల సమావేశం జరుగుతోంది. హారిసన్‌కి విసుగు పుట్టిందో ఏమో, మెల్లగా జారుకుని మేడ మీది గదిలోకి వెళ్లి గిటార్ పట్టుకున్నాడు. రెండే రెండు కార్డులు, అంటే ఒకేసారి కలిపి మీటే స్వరాల గుంపులు, మార్చి మార్చి వాయిస్తూ, వాటి మీద "హల్లెలూయా" అని ఒకసారి, "హరే కృష్ణ" అని ఒకసారి పాడుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి మిగతావాళ్లూ వచ్చి గొంతు కలిపారు. పాట అలా పుట్టింది.

ఆ పాట పేరు "మై స్వీట్ లార్డ్". 1970 చివర్లో విడుదలైంది. అటు అమెరికాలోనూ ఇటు ఇంగ్లండ్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. మీరు వినకపోతే ఒకసారి వినండి. చివరికొచ్చేసరికి వెనక గొంతులు ఏం పాడతాయో తెలుసా? "గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః, గురుర్దేవో మహేశ్వరః". మనం బళ్లో చేతులు కట్టుకుని చదివిన శ్లోకమే. పాట భక్తితో కట్టిందే, అందులో ఎవరికీ అనుమానం లేదు.

చిక్కంతా బాణీ దగ్గర వచ్చింది.

అంతకు ఏడేళ్ల ముందు, 1963లో, అమెరికాలో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం ఒక పాట పాడింది. "హీస్ సో ఫైన్" అని. అందగాడైన ఒక కుర్రాణ్ణి చూసి ఒక అమ్మాయి మురిసిపోయే పాట. రాసింది, బాణీ కట్టింది రోనీ మ్యాక్ అనే యువకుడు. ఆ పాటా అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది, ఇంగ్లండ్‌లోనూ బాగానే వినిపించింది. పాపం రోనీ మ్యాక్ ఆ ఏడాదే జబ్బు చేసి పోయాడు. ఇరవయ్యేళ్లు దాటి ఎంతో కాలేదు అతనికి.

ఆ పాట హక్కులున్న కంపెనీ 1971లో హారిసన్ మీద కోర్టుకెళ్లింది. మాటలు వేరు, బాణీ మాదే అంది.

ఇప్పుడు ఇంట్లో హార్మోనియం ఉన్నవాళ్లు దగ్గర పెట్టుకోండి. లేనివాళ్లు నాతోపాటు స్వరం పలకండి. పాత పాటలో మొదటి ముక్క మూడే స్వరాలు. ప గ రి. దాన్ని నాలుగుసార్లు పాడతారు. ప గ రి, ప గ రి, ప గ రి, ప గ రి. రెండో ముక్క ఐదు స్వరాలు. ప ద స ద స. అదీ నాలుగుసార్లే. రెండో ముక్కలో ఒకచోట మాత్రం చిన్న మెలిక ఉంది. ప ద స ద స అనే బదులు ప ద స ద రిస అంటారు. రిషభం అలా తగిలీ తగలనట్టు తగిలి షడ్జమానికి దిగుతుంది. విన్నారుగా? ప ద స ద రిస.

ఇక హారిసన్ పాట. ప గ రి, నాలుగుసార్లు. ప ద స ద స, మూడుసార్లు. నాలుగోసారి రావలసిన చోట వేరే చిన్న సంగతి వేశాడు, దాని నిడివి కూడా దాదాపు అంతే. మరి ఆ మెలిక? ఉంది. అదే రిషభం, అదే తగలడం, అదే చోట.

ప గ రి ఎవడి సొత్తూ కాదు. ప ద స కూడా అంతే. మోహన రాగం నేర్చుకున్న ప్రతి పిల్లా రోజుకు వందసార్లు పాడుకునే స్వరాలవి. ఈ మాట కోర్టులోనూ అందరూ ఒప్పుకున్నారు. విడివిడిగా ఈ ముక్కల్లో కొత్తేమీ లేదన్నారు. కానీ ఇది ఇన్నిసార్లు, దాని వెనకే అది ఇన్నిసార్లు, ఫలానా చోట ఆ మెలిక, ఈ మొత్తం అమరిక ఇంకెక్కడైనా ఉందా అని అడిగితే, హారిసన్ తరఫున వచ్చిన సంగీత నిపుణుడే నా అనుభవంలో ఇలాంటిది చూడలేదని ఒప్పుకున్నాడు.

తీర్పు 1976లో వచ్చింది. ఇచ్చిన జడ్జి పేరు రిచర్డ్ ఓవెన్. తమాషా ఏమిటంటే ఆయన స్వయంగా ఆపెరాలకు, అంటే పాశ్చాత్యుల సంగీత నాటకాలకు, సంగీతం కట్టినవాడు. అందుకే ఆ తీర్పు చదువుతుంటే న్యాయస్థానంలో ఉన్నట్టుండదు, పాఠం చెప్పే గురువుగారి ఎదుట కూర్చున్నట్టుంటుంది. ఏ స్వరం ఎక్కడ పడిందో వరసగా చెప్పుకొచ్చి, ఆఖర్న ఇలా తేల్చాడు: హారిసన్ కావాలని కాపీ కొట్టాడని నేను అనుకోను. అయినా పాట మాత్రం అదే పాట. ఒకప్పుడు విన్నాడు, అది మనసు అడుగున ఉండిపోయింది, గిటార్ పట్టుకున్నప్పుడు పైకి తేలింది. తెలియక చేసినా చట్టం దృష్టిలో ఉల్లంఘన ఉల్లంఘనే.

ఈ తీర్పు సరైనదేనా? నా మట్టుకు నాకు సరైనదే అనిపిస్తుంది. తెలియక చేశాను అంటే సరిపోయేట్టయితే రోనీ మ్యాక్ లాంటివాళ్లకు దిక్కెవరు? కానీ హారిసన్ మీద జాలీ కలుగుతుంది. దొంగ అనే మాట ఆయనకు అతకదు. జడ్జిగారు కూడా ఆ మాట వాడలేదు.

తర్వాత నడిచిన కథ మాత్రం అచ్చం సినిమా. దావా మొదలైనప్పుడు హారిసన్ తరఫున రాజీ మాటలు నడిపిన మేనేజరు ఒకడున్నాడు, ఆలెన్ క్లైన్ అని. ఆయనకీ హారిసన్‌కీ చెడింది. చెడ్డాక ఏం చేశాడు? 1978లో తన కంపెనీ ద్వారా 5,87,000 డాలర్లు పెట్టి ఆ పాత పాట హక్కులన్నీ కొనేశాడు. అంటే నిన్నటిదాకా హారిసన్ పక్కన కూర్చున్నవాడు ఇవాళ ఎదుటి బల్ల మీదికి మారి, నా డబ్బులు నాకు కట్టు అన్నాడు. పరిహారం లెక్క దాదాపు 16 లక్షల డాలర్లుగా తేలింది. అదే జడ్జి 1981లో ఈ బేరం చూసి, ఒకప్పుడు ఆయన పనే చేసిపెట్టి ఇప్పుడు ఆయన మీదే లాభం తీస్తావా, కుదరదు, నువ్వు పెట్టిన 5,87,000 నీకు వస్తే చాలు అన్నాడు. పాత పాట హక్కులు హారిసన్‌కే దక్కేట్టు చేశాడు. చిల్లర లెక్కలు తేలేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టిందనుకోండి.

మధ్యలో ఇంకో వింత. 1975లో, కేసు ఇంకా నడుస్తుండగానే, ఆ షిఫాన్స్ అమ్మాయిలే "మై స్వీట్ లార్డ్" పాడి రికార్డు ఇచ్చారు. ఇంతకంటే గడుసు సాక్ష్యం ఏముంటుంది!

సరే, ఈ తీర్పులో నేను పట్టుకునేది అమరిక అన్న మాట. స్వరాలు అందరివీ. రాగం అందరిదీ. అమరిక ఒకరిది. త్యాగరాజస్వామి మోహనంలో "నను పాలింప" కట్టారు, "మోహన రామ" కట్టారు. సంగీతం మొదలుపెట్టిన పిల్లలు పాడే "వర వీణా మృదుపాణి" కూడా మోహనమే. గగ పాపా దప సాసా. వీటిలో ఒకదాన్ని చూసి ఒకటి కాపీ అంటామా? ఫోన్లలో తిరిగే ముక్కల్లో సగానికి సగం ఈ బాపతే అని నా అభిప్రాయం. ఒకే రాగంలో రెండు పాటలు కాసేపు ఒకేలా వినిపించి తీరతాయి. అది రాగం పని, దొంగ పని కాదు.

బొమ్మల్లోనూ ఇదే లెక్క. చేర్యాల పటాల్లో, శ్రీకాళహస్తి కలంకారీలో అవే కథలు, అవే దేవుళ్లు, తరతరాలుగా అవే భంగిమలు. తాత గీసిన రాముణ్ణి మనవడూ గీస్తాడు. అది పద్ధతి, అలా నేర్చుకుంటేనే చెయ్యి తిరుగుతుంది. కానీ కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుపముక్కలూ బెల్లమూ నానబెట్టి తీసిన నల్లరంగుతో, కలం పట్టి రోజుల తరబడి గీసిన బొమ్మ ఒకటి. దాన్నే ఫోటో తీసి స్క్రీన్ ప్రింటింగుతో అచ్చుకొట్టిన చీర ఇంకొకటి. అచ్చు చీర అమ్ముకోవచ్చు, చవగ్గా దొరకడం మంచిదే. చేత్తో వేసిన కలంకారీ అని చెప్పి అమ్మితే మాత్రం అది మోసం.

ఈ గొడవ అయిదొందల ఏళ్ల కిందటే వచ్చింది. జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అని మహా చిత్రకారుడు. చెక్క మీద బొమ్మ చెక్కి కాగితాల మీద అచ్చువేసేవాడు. కింద ఒక మూల ఏ, డి అని రెండక్షరాలు, ఒకదాని కాళ్ల మధ్య ఒకటి. ఇటలీలో మార్కాంటోనియో రైమోండీ అనేవాడు ఆ బొమ్మల్ని గీతకు గీత దింపి, ఆ రెండక్షరాలు కూడా దింపేశాడు. డ్యూరర్ కోపంతో వెనిస్ వెళ్లి ఫిర్యాదు చేశాడని, అక్కడి పెద్దలు ఆ సంతకం మాత్రం వాడొద్దని చెప్పారని ఆ రోజుల్లో చిత్రకారుల జీవితాలు రాసిన వసారి చెప్తాడు. బొమ్మ దింపుకో, పేరు ముట్టుకోకు అన్నమాట! డ్యూరర్‌కి అది చాల్లేదు. 1511లో బొమ్మల పుస్తకం వేసినప్పుడు చివర్న, ఇతరుల శ్రమను దొంగిలించేవాళ్లారా, మీ చేతులు దూరంగా పెట్టుకోండి అని ఘాటుగా అచ్చు వేయించాడు. చక్రవర్తి అండ ఉందని కూడా కలిపాడు.

అరువు తెచ్చుకోవడం తప్పని నేననడం లేదు. ముత్తుస్వామి దీక్షితుల వారు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషువాళ్ల బ్యాండు బాణీలు విన్నారు. వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు. నోటు స్వరాలంటాం వాటిని. "సంతతం పాహిమాం సంగీత శ్యామళే" పాడి చూడండి, అది బ్రిటిష్ వాళ్ల జాతీయగీతం బాణీ. ఆయన దాచలేదు, లోకం తప్పు పట్టలేదు. పిల్లలకు ఇప్పటికీ ముచ్చటగా నేర్పుతున్నాం.

గడియారం నన్ను తొందరపెడుతోంది. పాట కట్టి నెట్‌లో పెట్టాలని తహతహలాడే కుర్రకారుకు పనికొచ్చే మాట ఒక్కటి చెప్తాను.

విడుదల చేసేముందు మీ బాణీని మాటలు తీసేసి పాడండి. ఊరికే లలలా అని. మాటలు బాణీని కప్పేస్తాయి. హారిసన్ పాటలో హరే కృష్ణలు, శ్లోకాలు వింటూ ఎంతమందికి ఆ అందగాడి పాట గుర్తొచ్చి ఉంటుంది చెప్పండి? మీకంటే ఓ ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లను, పాటల పిచ్చి ఉన్నవాళ్లను కూర్చోబెట్టి వినిపించండి. ఎలా ఉంది అని అడగకండి. బావుంది నాన్నా అనేస్తారు. ఇది ఎక్కడైనా విన్నారా అని అడగండి. మాటలు తీసేసి పాడండి, ఎక్కడైనా విన్నారా అని అడగండి. బొమ్మ అయితే ఫోటో తీసి ఫోన్‌లోనే అలాంటి బొమ్మలు వెతికే సౌకర్యం ఉంది, వాడుకోండి.

విన్నాం అంటే? మార్చండి, లేదా అనుమతి అడగండి. ఎనిమిది బార్లదాకా, అంటే పాటలో ఎనిమిది తాళపు ముక్కలదాకా, ఫర్వాలేదు, ముప్ఫై సెకన్లదాకా ఫర్వాలేదు అని స్టూడియోల్లో చెప్పుకునే లెక్కలు మన చట్టంలో ఎక్కడా లేవు. కింద "కర్టసీ" అని పేరు వేస్తే అనుమతి తీసుకున్నట్టు కాదు. మన దేశంలో బాణీ మీద హక్కు కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీల మీద 2034 చివరిదాకా హక్కు ఉంటుంది. త్యాగరాజ కీర్తన మీద ఏ హక్కూ లేదు, హాయిగా పాడుకోండి. కానీ ఎవరో పాడిన రికార్డును తెచ్చి మీ వీడియో వెనక పెట్టుకోవాలంటే, రికార్డు హక్కు వేరే, దానికి వేరే అడగాలి.

ఉంటాను మరి, సెలవు.