స్టీమ్ పంపు మోత చేస్తోందా? పానా పట్టేముందు చెవి పెట్టండి

నమస్కారం. బాయిలర్‌కి నీళ్లు తోసే డూప్లెక్స్ (జంట సిలిండర్ల) స్టీమ్ పంపులో వచ్చే చప్పుళ్ల సంగతి ఈ వీడియోలో చూద్దాం. దీనికి మోటారు లేదు, క్రాంకు లేదు. ఇటు రెండు స్టీమ్ సిలిండర్లు, అటు రెండు నీళ్ల సిలిండర్లు, మధ్యలో రాడ్లు. ఒకవైపు రాడ్డు కదులుతూ రెండోవైపు స్లైడ్ వాల్వుని, అంటే స్టీముని సిలిండర్‌కి ఇటొకసారి అటొకసారి పంపే వాల్వుని, జరుపుతుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు కదా, అలాంటప్పుడు కూడా బాయిలర్లో స్టీమ్ ఉంటే చాలు, ఇది నడుస్తుంది.

చప్పుడు వినగానే స్టీమ్ చెస్ట్ (స్లైడ్ వాల్వు ఉండే పెట్టె) మూత విప్పేసేవాళ్లే ఎక్కువ. వద్దు. ఆ చప్పుడు స్ట్రోకులో, అంటే రాడ్డు ఒక కొస నుంచి రెండో కొసకి వెళ్లేటప్పుడు, ఏ చోట వస్తోందో ముందు పట్టుకోండి. స్టీమ్ తగ్గించి నిమిషానికి పది, పదిహేను స్ట్రోకులకి తీసుకురండి. పొడుగు స్క్రూడ్రైవర్ మొన పంపు బాడీకి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి వినండి. కదిలే రాడ్లకి దూరంగా ఉండండి, చూపు మాత్రం వాటి మీదే ఉంచండి.

స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే స్టీమ్ వైపు ధన్‌ధన్‌మంటే సిలిండర్లో నీళ్లున్నట్టే. చల్లటి ఇనుము తగిలి స్టీమ్ నీరైపోతుంది. నీళ్లు నొక్కితే నలగవు, పగిలేది సిలిండర్ కవరే. అందుకే ముందు సక్షన్ (నీళ్లు వచ్చే), డెలివరీ (నీళ్లు పోయే), ఎగ్జాస్ట్ (వాడిన స్టీమ్ పోయే) వాల్వులు, ఆపైన సిలిండర్లో నీళ్లు వదిలే చిన్న కుళాయిలు, అదే డ్రెయిన్ కాకులన్నీ తెరిచి, చివర్లో స్టీమ్ వాల్వు కాస్తంత తిప్పండి. డ్రెయిన్లలోంచి నీళ్లు పోయి ఉత్త స్టీమ్ వచ్చాకే కాకులు మూయాలి. బాగా వేడెక్కాక కూడా మోత పోలేదంటే స్టీమ్ లైనులో చేరిన నీళ్లని బయటికి పంపే ట్రాప్ పని చేస్తోందో లేదో చూడండి.

ఇక నీళ్ల వైపు. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వినిపిస్తే సక్షన్లో లోపం. ఇక్కడ చిన్న లెక్క ఉంది. మన సముద్రతీరంలో గాలి ఒత్తిడి దాదాపు 10.3 మీటర్ల నీటి ఎత్తుకి సమానం. ఫీడ్ వాటర్ 90 డిగ్రీలుంటే అందులో 7 మీటర్లకి పైగా ఆ నీటి ఆవిరే తినేస్తుంది. మిగిలిన ఆ 3 మీటర్లలోంచే పైపు రాపిడికీ వాల్వు స్ప్రింగుకీ ఖర్చు. అందుకే వేడి నీళ్ల ట్యాంకు పంపుకన్నా ఎత్తులో ఉండాలి. సక్షన్ పైపులో చెత్త పట్టే జల్లెడ, అదే స్ట్రెయినర్లో తుప్పు పొరలు నిండితే మిగిలిన ఆ కాస్తా పోతుంది. కాబట్టి ముందు విప్పాల్సింది స్ట్రెయినర్.

స్ట్రెయినర్ శుభ్రంగా ఉంటే గాలి ఎక్కడ లోపలికి పోతోందో వెతకాలి. సక్షన్ పైపులో లోపలి ఒత్తిడి బయటి గాలికన్నా తక్కువైనప్పుడు లీకు దగ్గర సబ్బు నురగ రాసినా బుడగలు కట్టదు, లోపలికి పోతుంది. అందుకని ఫ్లాంజీల (పైపులు బోల్టులతో కలిసే అంచుల) చుట్టూ ఒక్కొక్కటిగా గ్రీజు మెత్తి కాసేపు వినండి. ఎక్కడ మెత్తినప్పుడు చప్పుడు తగ్గిందో లీకు అక్కడే. నీళ్ల వైపు గ్లాండ్‌ని, అంటే రాడ్డు సిలిండర్లోకి వెళ్లేచోట లీకు ఆపే బిగింపుని కూడా మర్చిపోకండి.

స్ట్రోకు మొదట్లో రాడ్డు ఒక్కసారిగా దూకి, వెంటనే ఠంగుమని తగులుతోందా? నీళ్ల వాల్వుల్లో ఒకటి మూసుకోవడం లేదు, నీళ్లు వెనక్కి జారిపోతున్నాయి. స్ప్రింగు విరిగి ఉంటుంది, లేదా సీటు మీద చెత్త పడి ఉంటుంది. కొత్త స్ప్రింగు వేసేటప్పుడు ర్యాకులో ఉప్పుగాలికి గుంటలు పడ్డదాన్ని మాత్రం ఎత్తకండి, ఆ గుంట దగ్గరే మళ్లీ విరుగుతుంది.

స్ట్రోకు చివర్లో కొడుతోందంటే పిస్టన్ కవరుకి తగులుతోంది. కుషన్ వాల్వు ఉన్న పంపైతే దాన్ని కాస్త మూయండి, చివర్లో చిక్కుకున్న స్టీమే మెత్తలా అడ్డుపడుతుంది. అయినా తగ్గకపోతే స్లైడ్ వాల్వు నట్టు దగ్గర సందు చూడండి. సందు పెరిగేకొద్దీ వాల్వు ఆలస్యంగా తిరుగుతుంది, స్ట్రోకు పొడుగవుతుంది. నట్టు తిప్పేముందు లివర్ పిన్నులు పట్టుకుని ఊపండి. అరిగిన పిన్నే చాలాసార్లు ఆ సందుని పెంచుతుంది, నట్టుతో సర్దితే అరుగుదల లోపలే దాక్కుంటుంది. పిన్ను, బుష్ గాజువాక ఆటోనగర్ లేత్ షాపుల్లో చేయించుకోవచ్చు.

నట్టే సర్దాల్సి వస్తే స్టీమ్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ మూసి తాళం వేయండి, డ్రెయిన్లు తెరిచి చల్లారనివ్వండి. పిస్టన్‌ని ఒక కొసకి నెట్టి, గ్లాండ్ అంచు దగ్గర రాడ్డు మీద సుద్దగీత గీయండి. రెండో కొసకి నెట్టి ఇంకో గీత. రెండు గీతల నడుమ గుర్తు పెట్టి, అది గ్లాండ్ అంచుకి వచ్చేలా రాడ్డు తెస్తే పిస్టన్ సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. రెండు వైపులా ఇలాగే చేసి, స్లైడ్ వాల్వుని పోర్టుల (స్టీమ్ వెళ్లే రంధ్రాల) మధ్యకి తెచ్చి, నట్టుకి అటూ ఇటూ సందు సమానంగా వదలండి. కొలత పంపు మాన్యువల్లో ఉంటే అదే ప్రమాణం.

చివరిగా డెలివరీ పైపు ఊగుతూ కొట్టుకుంటుంటే ఎయిర్ వెసెల్ (నీళ్ల కుదుపుని లోపలి గాలితో తగ్గించే డబ్బా) మీద చిన్న సుత్తితో తట్టండి. పైభాగం బోలుగా మోగాలి. కింద మోగినట్టే మందంగా మోగితే లోపలి గాలి నీళ్లలో కరిగిపోయింది. పంపు ఆపి, డెలివరీ మూసి, ఒత్తిడి పూర్తిగా దిగాక వెసెల్లో నీళ్లు వదిలేసి గాలి నిండనివ్వండి. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు డ్రెయిన్ కాకులు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి.