చలిపొయ్యికి రంగు వేసే ముందు

అందరికీ నమస్కారం. ఈ చలిలో శాలువాలు కప్పుకుని మరీ వచ్చారు, సంతోషం.

మన కోరాపుట్ దాదాపు 2,900 అడుగుల ఎత్తున ఉంది. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అప్పటి పాత బంగళా ఒకదాంట్లో మేం అద్దెకు ఉంటున్నాం. హాల్లో గోడకి ఇటుకలతో ఫైర్‌ప్లేస్ ఉంది. మా ఆవిడ దాన్ని చలిపొయ్యి అంటుంది. నాకూ ఆ మాటే నచ్చింది.

ఏడేళ్ల కిందట సంక్రాంతికి దాన్ని తెల్లగా మార్చేద్దామని, ఇంట్లో మిగిలిన ఎనామిల్, అంటే మెరిసే నూనె రంగు, డబ్బా తీసి పూసేశాను. రెండు వారాలు ముచ్చటగా ఉంది. తర్వాత ఆ తెలుపు మీద తేనె రంగు మరకలు తేలాయి. ఇక లోపల, మంట తగిలేచోట వేసిన రంగు మొదటి రోజే అప్పడంలా పొంగింది. ఆ కంపుకి తలుపులన్నీ తీసి కూర్చున్నాం. ఎదురుగా చలిమంట, వెనక నుంచి చలిగాలి!

తప్పు డబ్బాది కాదు, నాది. మసిలో జిడ్డుంటుంది. అది ఇటుక రంధ్రాల్లోకి దిగి, పైన వేసిన రంగులోంచి మళ్లీ బయటికొస్తుంది. కాబట్టి ముక్కుకి మాస్క్ కట్టుకుని ముందు పొడి బ్రష్‌తో మసి దులపండి. తర్వాత వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి, గ్లవ్స్ వేసుకుని రుద్ది, మంచినీళ్లతో కడిగి, రోజుల తరబడి ఆరనివ్వండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

ఇటుక మీద తెల్లటి పొడి కనిపిస్తే అది ఉప్పు. ఎక్కడినుంచో నీరు దిగుతోందన్నమాట. పొగగొట్టం పైన మూత ఉందో లేదో చూడండి. చెమ్మ ఆపకుండా రంగు వేస్తే పెచ్చులూడటం ఖాయం.

ముఖభాగానికి అడుగున మరకలు ఆపే ప్రైమర్, దాని మీద రెండు పూతలు యాక్రిలిక్ ఎమల్షన్, అంటే నీళ్లతో కలిపే గోడ రంగు. లోపలికి మాత్రం మామూలు పెయింట్ వద్దు. 600 డిగ్రీల సెంటిగ్రేడ్ దాకా తట్టుకునేవి వేరే ఉంటాయి. నన్నడిగితే లోపల ఏమీ వేయక్కర్లేదు. ఎలాగూ నల్లబడేదే కదా.

అసలు బయటికి కూడా నా ఓటు సున్నానికే. పూసినప్పుడు పల్చగా నీళ్లలా ఉండి, ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్లీ సున్నపురాయిలా గట్టిపడుతుంది. ఇటుకలోని చెమ్మకీ దారి వదులుతుంది. అయితే మసి కడగడం దీనికీ తప్పదు. ఎనామిల్‌ని గీకడానికి నాకు రెండు శీతాకాలాలు పట్టింది. ఇప్పటికీ సందుల్లో అక్కడక్కడ మెరుస్తూనే ఉంటుంది.

బల్ల మీద రెండు ఇటుకలు పెట్టాను, ఒకటి ఎనామిల్‌ది, ఒకటి సున్నానిది. వెళ్లేటప్పుడు రెండింటి మీదా నాలుగు చుక్కలు నీళ్లు చల్లి చూడండి. గ్లాసు పక్కనే ఉంది.