'వెళ్ళొస్తా' అని కొరియన్‌లో అనాలంటే

మరదలు: రికార్డింగ్ మొదలైంది వదినా, ఆ టీ కప్పు కింద పెట్టు, చప్పుడొస్తోంది. ఈ వారం మనతో మా వదిన. క్లాసుకి వెళ్ళకుండా, మూడేళ్ళు డ్రామాలు చూసి కొరియన్ నేర్చుకున్న మనిషి.

వదిన: మూడేళ్ళలో ఒక ఏడాది తీసెయ్. ఆ ఏడాదంతా నేను చూసింది కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాల్నే. మిగిలినవి 'సారంగ్హే' (ప్రేమిస్తున్నా), 'అయిగొ'. అయిగొకి డ్రామా ఎందుకు, మనకి అయ్యో లేదా?

మరదలు: మరి ఎక్కడ దారిలో పడ్డావు?

వదిన: ఒక చిన్న సీను. కుర్రాడు గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ వాళ్ళమ్మతో 'కత్తా ఒల్కె' అన్నాడు. సబ్‌టైటిల్లో 'ఐ యామ్ లీవింగ్' అని పడింది. 'కా' అంటే వెళ్ళడం, 'ఒ' అంటే రావడం అని నాకు అప్పటికే తెలుసు. అంటే వాడన్నది 'వెళ్ళొస్తా'! ఇంగ్లీషేమో వాణ్ణి పంపేసింది గానీ వెనక్కి రానివ్వలేదు.

మరదలు: అబ్బ, అమ్మమ్మ వింటే తిట్టేది. 'వెళ్తా' అంటే ఊరుకునేదా?

వదిన: అదే. ఆ రోజు నుంచి ఇంగ్లీషుని మధ్యవర్తిగా మానేశాను. 'మొగొ బ్వా' విను. 'మొగొ' తిని, 'బ్వా' చూడు. తిని చూడు! 'ఒన్‌దాగొ హెస్సొ' అంటే వస్తాడని చెప్పాడు. ఆ 'గొ' మన 'అని' చేసే పనే చేస్తుంది. క్రియ వాక్యం చివర్లోనే, 'కి', 'లో' లాంటివి పేరు తర్వాతే. ఇంగ్లీషులోంచి వచ్చేవాళ్ళు వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి, మనకి ఆ బాధ లేదు.

మరదలు: అయితే రెండు భాషలూ చుట్టాలేనా?

వదిన: అలా అనకు. నూరేళ్ళకి పైగా అయింది, హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌ని ద్రావిడ భాషలతో పోల్చి పుస్తకమే వేశాడు. భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. పోలిక ఉంది, వాడుకుంటే చాలు.

మరదలు: లిపి?

వదిన: ఒక ఆదివారం పట్టింది. ఇప్పుడు వాడే మూల అక్షరాలు 24. సెజోంగ్ రాజు ఈ లిపిని 1443లో తయారుచేసి, 1446లో జనంలోకి వదిలాడు. 'న' అక్షరం గీత నాలుక కొన పైకి లేచినట్టుంటుంది, 'మ' నోరు మూసినట్టు పెట్టెలా ఉంటుంది. 'బాప్' అంటే అన్నం, అందులో చివరి 'ప్' మన వత్తులా కిందికొచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగులతో మాత్రం నేర్చుకోకు, నాలుక పాడవుతుంది.

మరదలు: పలకడం తేలికేనా?

వదిన: ఎక్కడ! వాళ్ళకి 'క' లాంటివి మూడున్నాయి. బిగపట్టి పలికేది మన 'క'కి దగ్గర. ఊపిరి వదిలేది 'ఖ'. మూడోది మాట మొదట్లో 'క'లా, మధ్యలో 'గ'లా వినిపిస్తుంది. మూడు నిమిషాల భోజనాల సీను ఒకటి పట్టుకుని పదకొండు రోజులు అదే వెనక్కి తిప్పాను. ముందు కొరియన్ సబ్‌టైటిళ్ళతో, తర్వాత అవీ తీసేసి, నటితో పాటు పలుకుతూ. మీ అన్నయ్యకి కూడా ఆ డైలాగులు వచ్చేశాయి.

మరదలు: పెనుకొండ సంగతి చెప్పు, తప్పించుకోకు.

వదిన: అయ్యో, అదా. 2019లో అక్కడ కియా కార్లు తయారవడం మొదలయ్యాక ఆ వైపు కొరియన్ హోటళ్ళొచ్చాయి కదా. ఒకదాంట్లో పెద్దావిడ కనబడింది. నేను ఉత్సాహంగా 'బాప్ మొగొస్సొ?' అన్నాను. తిన్నారా అని పలకరింపు, మనలాగే. కానీ చివర 'యో' పెట్టలేదు. అంటే అరవై ఏళ్ళావిణ్ణి 'ఏమే, తిన్నావా?' అన్నట్టు!

మరదలు: చచ్చాం!

వదిన: ఆవిడ ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వింది. తప్పు ఎక్కడుందో ఇంటికొచ్చాక తెలిసింది. నేను చూసినవన్నీ ప్రేమకథలు, స్నేహితుల కథలు. వాళ్ళు 'యో' లేకుండా మాట్లాడుకుంటారు, దాన్ని పన్మల్ అంటారు. 'తంగ్షిన్' ఇంకో గండం. నిఘంటువులో 'మీరు' అని ఉంటుంది. డ్రామాలో మొగుడూ పెళ్ళాల మధ్యో, రోడ్డు మీద కార్లు గుద్దుకున్నప్పుడో వినిపిస్తుంది.

మరదలు: మన వరసలకి వాళ్ళ దగ్గర పేర్లున్నాయా?

వదిన: మనల్ని మించి. అన్నని ఆడపిల్ల 'ఒప్పా' అంటుంది, మగపిల్లాడు 'హ్యొంగ్' అంటాడు. అన్న భార్యని, అంటే నన్ను నువ్వు 'సే ఒన్ని' అనాలి. నేను నిన్ను 'అగాశ్షి' అనాలి. అమ్మాయిగారూ అన్నట్టుంటుంది. ఇప్పటి కోడళ్ళు దాని మీద గొడవపడుతున్నారు, పడాలి కూడా. సబ్‌టైటిళ్ళలో మాత్రం ఇవన్నీ పోయి ఉత్త పేర్లే మిగులుతాయి.

మరదలు: అమ్మాయిగారూ... బాగుంది, అలానే పిలువు.

వదిన: కలలో. ఇంకోటి చెప్తా, డ్రామాల మీదే కూర్చుంటే చాలదు. ఆస్తి తగాదా, ఆసుపత్రి ఏడుపు, విడిపోదాం అనే మాట, అన్నీ వచ్చు. వార్తలు పెడితే గుటకలే, చైనా నుంచొచ్చిన మాటలు అంత ఎక్కువ. టోపిక్ అని కొరియన్ ఎంత వచ్చో చూసే పరీక్ష ఉంది, దాని మొదటి మెట్టులో వినే ప్రశ్నలు 30, చదివేవి 40. వినేవి గట్టెక్కాయి, చదివే దగ్గర చెమటలు పట్టాయి.

మరదలు: సరే, పిల్లాణ్ణి స్కూల్నించి తేవాలి. సే ఒన్నీ, కత్తా ఒల్కె!

వదిన: 'యో' ఏదే?