అస్సాం చుట్టూ ప్రదక్షిణ

సాంఘిక శాస్త్రం బోధించే తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

కిందటేడు ఆరో తరగతిలో ఒక అమ్మాయి లేచి, మన 28 రాష్ట్రాల పేర్లనూ ఎక్కం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తరగతంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లను గోడ మీది పటం దగ్గరికి పిలిచి, ఛత్తీస్‌గఢ్ చూపించమన్నాను. వేలు కాసేపు గుజరాత్ మీద, కాసేపు బీహార్ మీద తచ్చాడింది. మాది భద్రాచలం వైపు. "మీ చేలో మిరపకాయలు కోయడానికి ఎవరొస్తారమ్మా?" అని అడిగాను. "ఛత్తీస్‌గఢ్ వాళ్ళు సార్" అంది టక్కున. అంటూనే వేలు తెలంగాణ మీదికి వచ్చి, కొంచెం పైకి, కుడివైపుకు జరిగి ఆగింది.

కంఠస్థం చేయించడం తప్పని నేను అనను. పద్యమైనా ఎక్కమైనా నోటికి వచ్చినదే కడదాకా ఉంటుంది. నా బాధంతా వరస గురించి. అక్షర క్రమంలో అరుణాచల్ ప్రదేశ్, అస్సాం, ఆంధ్రప్రదేశ్ పక్కపక్కనే కూర్చుంటాయి. వాటి మధ్య ఎంత నేల ఉందో పిల్లలకు ఎలా తెలుస్తుంది? పొరుగు వరసలో చెప్పిద్దాం. మన తెలంగాణ నుంచి బయలుదేరితే మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. అక్కడి నుంచి ఒక్కో సరిహద్దు దాటుకుంటూ పోవడమే.

ఎక్కువ మంది తడబడేది ఈశాన్యంలో. అక్కడ నేను అస్సాంను గర్భగుడిగా పెట్టి ప్రదక్షిణ చేయిస్తాను. పైన అరుణాచల్ ప్రదేశ్, కుడివైపు నాగాలాండ్, కిందికి మణిపూర్, మిజోరం, తిరిగి ఎడమకు త్రిపుర, పైకి మేఘాలయ. ఆరింటికీ అస్సాంతో సరిహద్దు ఉంది కాబట్టి వేలు ఎక్కడా పటం మీది నుంచి లేవదు. మేఘాలయ అంటే మేఘాల ఇల్లు అని మన పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు. మిజో భాషలో 'రం' అంటే నేల అని చెబితే మిజోరం కూడా మణిపూర్‌తో కలిసిపోదు.

పటం కొత్తదై ఉండాలి, ఇది గట్టిగా చెబుతున్నాను. 1956 నవంబరు 1న రాష్ట్రాలు 14. 2000 నవంబరులో ఒక్క నెలలోనే మూడు కొత్తవి వచ్చాయి. 2014 జూన్ 2న మనది వచ్చింది. అయినా నేను పనిచేసిన ఒక బడిలో ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు పాత పటమే వేలాడింది. తమ రాష్ట్రం లేని పటం ముందు నిలబడి పిల్లలు రాష్ట్రాల పేర్లు వల్లించారు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. వారం తర్వాత ప్రదక్షిణ పూర్తి చేసి, వేలు తీయకుండా అడిగింది: "సిక్కిం ఇందులోకి రాలేదేం సార్?" సిక్కిం అస్సాంను తాకదు, మన రాష్ట్రాల్లో దాని పొరుగు పశ్చిమ బెంగాల్ ఒక్కటే. 1975లో 22వ రాష్ట్రంగా మనలో చేరింది. ఇవేవీ నేను చెప్పక ముందే ఆ పిల్ల వేలు మేఘాలయ నుంచి అస్సాం మీదుగా బెంగాల్ మెడ దాకా పోయి, పైకి తిరిగింది.