ఇంకస్‌తో ఒక్క లినక్స్ మెషిన్‌లో నాలుగైదు సర్వర్లు

[తెర మీద: ఖాళీ టెర్మినల్, డెబియన్ 13]

వర్చువల్ మెషిన్ పెడితే ప్రతిదానికీ విడిగా కెర్నెల్ బూట్ అవ్వాలి. కంటైనర్‌కి ఆ బాదరబందీ లేదు. హోస్ట్ (అసలు మెషిన్) కెర్నెల్‌నే అన్నీ పంచుకుంటాయి, అందుకే సెకన్లలో లేచి కూర్చుంటుంది. డాకర్‌లో సాధారణంగా ఒక్క అప్లికేషన్ పెడతాం. ఇంకస్ కంటైనర్‌లో మాత్రం సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీతో సహా మొత్తం లినక్స్ డిస్ట్రో నడుస్తుంది.

మనం వాడేది ఇంకస్, ఇలాంటి కంటైనర్లని నడిపే ప్రోగ్రామ్. 2023 ఆగస్టులో ఎల్ఎక్స్‌డీ అనే అలాంటి ప్రోగ్రామ్ నుంచే చీలి వచ్చింది.

[కమాండ్: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఇంకస్ బీటీఆర్ఎఫ్ఎస్-ప్రాగ్స్]

రెండో ప్యాకేజీ మర్చిపోవద్దు, స్టోరేజ్‌కి మనం వాడే బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కి అది కావాలి. తర్వాత మీ యూజర్‌ని ఇంకస్-అడ్మిన్ గ్రూప్‌లో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రండి. ఈ గ్రూప్‌లో ఉన్నవాడికి హోస్ట్ మీద రూట్ అధికారం ఉన్నట్టే, కాబట్టి అందరినీ చేర్చకండి.

[కమాండ్: ఇంకస్ అడ్మిన్ ఇనిట్]

స్టోరేజ్ దగ్గర బీటీఆర్ఎఫ్ఎస్ ఎంచుకోండి, మిగతావాటికి ఎంటర్ చాలు. 'డిర్' (మామూలు ఫోల్డర్) పెడితే ప్రతి స్నాప్‌షాట్‌కీ, అంటే కంటైనర్ ఉన్న స్థితిని దాచుకున్న ప్రతిసారీ, ఫైళ్లన్నీ కాపీ అవుతాయి. బీటీఆర్ఎఫ్ఎస్‌లో క్షణంలో పని అయిపోతుంది.

[కమాండ్: ఇంకస్ లాంచ్ ఇమేజెస్:డెబియన్/13 వెబ్1]
[కమాండ్: ఇంకస్ లిస్ట్]

ఇప్పుడు జాబితాలో మన కంటైనర్ వెబ్1కి ఎదురుగా ఐపీవీ4 గడి చూడండి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. అది ఖాళీగా ఉంటే, హోస్ట్‌లోని ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ, ఐపీ అడ్రస్ పంచే డీహెచ్‌సీపీని అడ్డుకుంటోందని మొదట అనుమానించండి. ఇంకస్ తన ఫైర్‌వాల్ రూల్స్ తాను పెట్టుకుంటుంది కదా అనుకోవచ్చు. కానీ లినక్స్ కెర్నెల్ ఫైర్‌వాల్ అయిన ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ఒక టేబుల్ ఒప్పుకున్న ప్యాకెట్‌ని ఇంకో టేబుల్ పడేయొచ్చు.

[కమాండ్: సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఇన్ ఆన్ ఇంకస్‌బీఆర్0]
[కమాండ్: సుడో యూఎఫ్‌డబ్ల్యూ రూట్ అలౌ ఇన్ ఆన్ ఇంకస్‌బీఆర్0]

ఇంకస్‌బీఆర్0 అంటే కంటైనర్లు కలిసే ఇంకస్ నెట్‌వర్క్ బ్రిడ్జ్. ఐపీ వచ్చింది గానీ బయటికి పింగ్ వెళ్లడం లేదా? అదే హోస్ట్‌లో డాకర్ ఉందేమో చూడండి. అది ఫార్వర్డ్ పాలసీని డ్రాప్‌కి మారుస్తుంది, అంటే హోస్ట్ గుండా దాటిపోయే ప్యాకెట్లని పడేస్తుంది. మన రూల్స్ కోసం డాకర్ వదిలిన డాకర్-యూజర్ చైన్‌లో ఇంకస్‌బీఆర్0 నుంచి వెళ్లేవాటికీ, వాటికి తిరిగొచ్చే జవాబులకీ యాక్సెప్ట్ రూల్ పెడితే దారి తెరుచుకుంటుంది.

[కమాండ్: ఇంకస్ కాన్ఫిగ్ సెట్ వెబ్1 లిమిట్స్.మెమరీ=512ఎంఐబీ]

యూనిట్ లేకుండా ఉత్త 512 కొడితే బైట్లు అనుకుంటుంది! ఈ హద్దు దాటితే కంటైనర్ లోపలి ప్రాసెస్‌నే కెర్నెల్ చంపుతుంది, హోస్ట్ జోలికి పోదు. లోపల 'ఫ్రీ' కొడితే కూడా 512 దగ్గరే చూపిస్తుంది, కంటైనర్‌కి దాని హద్దులే చూపించే ఎల్ఎక్స్‌సీఎఫ్ఎస్ పుణ్యం.

[కమాండ్: ఇంకస్ స్నాప్‌షాట్ క్రియేట్ వెబ్1 మొదలు]

'మొదలు' అన్నది ఆ స్నాప్‌షాట్ పేరు. ఇక వెబ్1లోకి దిగి ఏం పాడు చేసినా ఫర్వాలేదు, 'రిస్టోర్'తో వెనక్కి వస్తారు.

హోస్ట్ ఫోల్డర్‌ని లోపలికి తగిలిస్తే ఫైళ్ల ఓనర్ 'నోబడీ' అని కనిపిస్తుంది. లోపలి రూట్ హోస్ట్‌లో రూట్ కాదు, ఏ అధికారమూ లేని పెద్ద యూఐడీ (యూజర్ నంబర్). ఆ ఫోల్డర్‌ని తగిలించిన డివైస్‌కి షిఫ్ట్=ట్రూ జోడిస్తే సరిపోతుంది. దీని కోసం కంటైనర్‌ని ప్రివిలేజ్డ్ (లోపలి రూటే హోస్ట్ రూట్ అయ్యేలా) చేయమనే సలహాలు వినకండి.

కెర్నెల్ మాడ్యూల్ లోపలినుంచి లోడ్ కాదు, విండోస్ అసలే నడవదు. అవి కావాలంటే లాంచ్ కమాండ్ చివర రెండు గీతలు పెట్టి 'వీఎం' అని రాయండి. అప్పుడు మాత్రం నిజమైన వర్చువల్ మెషినే లేస్తుంది, ర్యామ్ కూడా ఆ లెక్కనే తింటుంది.