ఐ.ఈ. వేరు, ఈ.జీ. వేరు

శ్రోతలందరికీ నమస్కారం. ఆఫీసు మెయిల్ కావచ్చు, ఉద్యోగానికి దరఖాస్తు కావచ్చు, ఇంగ్లీషులో ఏం రాసినా మధ్యలో ఐ.ఈ. అనో ఈ.జీ. అనో పెట్టేసి ముందుకు వెళ్లిపోతుంటాం. ఈ రెండూ లాటిన్ మాటల పొట్టి రూపాలు. చాలామంది రెండూ ఒకటే అనుకుని ఏది గుర్తొస్తే అది వాడేస్తారు. రాసేవాళ్లకి దానివల్ల పోయేదేమీ లేదు, ఇబ్బందంతా దాన్ని చదివి ఏదో ఒక పని చేయాల్సిన మనిషికే. అందుకే ఇవాళ వీటి గురించి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

ఐ.ఈ. అంటే లాటిన్‌లో ఇద్ ఎస్ట్, మనం 'అంటే', 'అనగా' అంటామే, అది. ఈ.జీ. అంటే ఎగ్జెంప్లీ గ్రాషియా, 'ఉదాహరణకి' అని. ఒక కాలేజీ అడ్మిషన్ నోటీసులో 'ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకురండి' అని రాసి, పక్కన ఈ.జీ. పాస్‌పోర్ట్ అని పెట్టారనుకోండి. అప్పుడు ఆధార్ తెచ్చినా, ఓటరు కార్డు తెచ్చినా చెల్లాలి, పాస్‌పోర్ట్ ఒక ఉదాహరణ మాత్రమే కాబట్టి. అదే చోట ఐ.ఈ. పాస్‌పోర్ట్ అని రాస్తే, పాస్‌పోర్ట్ తప్ప ఇంకేదీ పనికిరాదని అర్థం. నోటీసు రాసినాయన ఏదో అలవాటుగా ఐ.ఈ. కొట్టేస్తే, పాస్‌పోర్ట్ లేని పిల్లలు టెన్షన్ పడి ఫోన్ల మీద ఫోన్లు చేసుకోవాలి.

డబ్బు వ్యవహారమైతే ఇంకా జాగ్రత్త. అద్దె ఒప్పందంలో 'నెలవారీ ఖర్చులు అద్దెకున్నవాళ్లే కట్టాలి, ఐ.ఈ. కరెంటు, నీళ్ల బిల్లు' అని ఉంటే ఆ రెండూ కడితే చాలు. ఐ.ఈ. స్థానంలో ఈ.జీ. ఉందంటే రేపు లిఫ్టు ఖర్చు, వాచ్‌మన్ జీతం కూడా అందులోకే వస్తాయని ఇంటి ఓనరు అనొచ్చు, అంటే కాదనడం మీకు కష్టం. సంతకం పెట్టే ముందు ఆ రెండక్షరాల దగ్గర ఆగి చూడండి. మనం రాసేటప్పుడు ఏది పెట్టాలో తేలకపోతే ఆ వాక్యాన్ని తెలుగులో అనుకుని చూస్తే చాలు, 'అంటే' కుదిరితే ఐ.ఈ., 'ఉదాహరణకి' కుదిరితే ఈ.జీ. రెండూ కుదురుతున్నాయంటే అసలు మనం చెప్పాలనుకున్నదే మనకింకా తేలలేదన్నమాట.

ఇక ఎట్సెట్రా, అంటే 'వగైరా' సంగతి. అందులో ఎట్ అంటేనే 'మరియు', కాబట్టి 'అండ్ ఎట్సెట్రా' అని రాయక్కర్లేదు. ఈ.జీ.తో మొదలుపెట్టిన జాబితా చివర కూడా అది అనవసరం, ఉదాహరణకి అన్నాక ఇంకా ఉన్నాయని చెప్పేసినట్టే కదా. పొట్టిగా ఈటీసీ అని రాసేటప్పుడు టీ ముందు, సీ తర్వాత వస్తాయి, ఈసీటీ అని తిరగేసి రాసేవాళ్లు ఎంతమందో. మనుషుల పేర్ల తర్వాత మాత్రం ఎట్ ఆల్ వాడతారు, 'తదితరులు' అన్నట్టు. ప్రాజెక్టు రిపోర్టులు, పీహెచ్‌డీ థీసిస్‌లు రాసే పిల్లలకి ఇది రోజూ పనే. ఎట్ అన్నది పూర్తి మాట కాబట్టి దాని పక్కన చుక్క ఉండదు, ఆల్ తర్వాతే చుక్క. పరిశోధన రాతల్లో ఎవరి నుంచి ఏం తీసుకున్నామో ఎలా చూపించాలో చెప్పే ఏపీఏ పద్ధతిలో, 2019లో వచ్చిన ఏడో ఎడిషన్ నుంచి, రచయితలు ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మొదటిసారి నుంచే మొదటి పేరు రాసి ఎట్ ఆల్ అంటే సరిపోతుంది. సీ.ఎఫ్. అంటే 'దీంతో పోల్చి చూడండి' అని, ఊరికే 'చూడండి' అని కాదు. ఇక మన టెండరు నోటీసుల్లో కనిపించే విజ్ అంటే 'అవేమిటంటే' అని, దాని స్థానంలో నేమ్లీ అని రాస్తే అందరికీ అర్థమవుతుంది.

బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు వాళ్లు 2016లో ఒక మంచి నిర్ణయం తీసుకున్నారు. ఐ.ఈ., ఈ.జీ., ఎట్సెట్రా తగ్గించుకుంటూ వచ్చి మామూలు ఇంగ్లీషు మాటలే రాస్తామన్నారు. చూపు లేనివాళ్లకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లలో కొన్ని, చుక్కలు లేని ఈజీని 'ఎగ్' అని, అంటే గుడ్డు అని చదివేస్తున్నాయట. ఇంగ్లీషు అంతగా రానివాళ్లూ అక్కడే ఆగిపోతున్నారు. ఇంగ్లీషు పుట్టిన దేశమే ఆ మాట అన్నాక మనం ఫర్ ఎగ్జాంపుల్ అని పూర్తిగా రాయడానికి మొహమాటపడక్కర్లేదు.

ఏ.ఎం., పీ.ఎం. కూడా లాటినే, మిట్టమధ్యాహ్నానికి ముందు, తర్వాత అని. పన్నెండు దగ్గరే గొడవ. పదిహేనో తేదీ 12.30 ఏ.ఎం. విమానం అంటే పద్నాలుగో తేదీ రాత్రి భోజనం కాగానే బయల్దేరాలి, పదిహేను రాత్రి వెళ్తే విమానం ఎప్పుడో పోయి ఉంటుంది. మన రైల్వే వాళ్లు 24 గంటల లెక్క పెట్టడం వల్ల ఏ.ఎం., పీ.ఎం. గొడవ లేదు కానీ, 00.30 అని ఉన్నప్పుడు తేదీ మాత్రం ఇలాగే చూసుకోవాలి. ఎవరికైనా మెసేజ్ పెట్టేటప్పుడు 'పద్నాలుగు రాత్రి తెల్లవారితే పదిహేను' అని విడమర్చి చెప్పండి.

అన్నిటికన్నా నాకు బెంగ మందుల చీటీ గురించి. అందులో ఓ.డీ. అంటే రోజుకి ఒకసారి, బీ.డీ. అంటే రెండుసార్లు, టీ.డీ.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. ఎస్.ఓ.ఎస్. చూసి చాలామంది ప్రమాదమేమో అని కంగారుపడతారు, నిజానికి అది సి ఓపుస్ సిట్, 'అవసరమైతేనే వేసుకోండి' అని. కంటి డాక్టర్ల రాతలో అదే ఓ.డీ.కి కుడి కన్ను అని ఇంకో అర్థం ఉంది. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో, వాడకూడని పొట్టి రూపాల జాబితా పెట్టింది. రోజూ అని చెప్పే క్యూ.డీ., రోజు విడిచి రోజు అని చెప్పే క్యూ.ఓ.డీ. రెండూ అందులో ఉన్నాయి, చేతిరాతలో క్యూ.ఓ.డీ.ని చూసి క్యూ.డీ. అనుకుంటే మందు రెండింతలు పడుతుంది కాబట్టి. మన దగ్గర 2016లో భారత వైద్య మండలి, మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే కేపిటల్ అక్షరాల్లో రాయాలని నిబంధన తెచ్చింది. ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది కూడా అంతే స్పష్టంగా ఉండాలి. 1-0-1 అని రాసే డాక్టర్లు మంచి పని చేస్తున్నారు, ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని చదువు రాని అమ్మమ్మకి కూడా చెప్పి చూపించొచ్చు. చీటీ మీద మీకు తెలియని అక్షరాలుంటే మందుల షాపులో సిగ్గుపడకుండా అడిగి, ప్రతి మందు స్ట్రిప్ మీదా తెలుగులో రాయించుకోండి, అన్నానికి ముందో తర్వాతో కూడా.